క్రిస్టినా గురించి నాలుగు మంచి మాటలు

ఏడాది జ్ఞాపకార్థ కూడికలో పోయినవాళ్ల స్నేహితులు లేచి నాలుగు మంచి మాటలు చెప్పడం అరకు కొండ మీది ఆ చిన్న చర్చిలో ఆనవాయితీ. క్రిస్టినా తల్లి మగ్దలేనమ్మ రెండు వారాల ముందే వచ్చి, నువ్వే మాట్లాడాలని కూతురి స్నేహితురాలు జీవిత చేయి పట్టుకుంది. కాదనే ధైర్యం జీవితకు లేకపోయింది. మంచి మాటలకు కరువేమీ లేదు గానీ, నోరు తెరిస్తే ముందు తిట్లే వచ్చేలా ఉన్నాయి. అదీ ఆమె భయం.

పోయిన డిసెంబరులో క్రిస్టినా తన ప్రాణం తానే తీసుకుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరూ పదిహేనేళ్లు ఒకే వరసలో కాఫీ పళ్లు కోశారు. క్రిస్టినా పొడగరి. ఆమె పై కొమ్మ వంచి పట్టుకుంటే జీవిత కోసేది. ఉన్నట్టుండి కొమ్మ వదిలేసి, మంచునీళ్లన్నీ జీవిత ముఖాన చిందితే పడీ పడీ నవ్వేది. పాట అందుకుంటే రాగం ఒక దారి, ఆమె ఒక దారి. అయినా చర్చిలో పెద్ద గొంతు ఆమెదే. శుక్రవారం సంతలో ఆమె ఎండుచేపలు బేరమాడితే అమ్మేవాడు దండం పెట్టేసేవాడు. అవన్నీ తలుచుకుంటే జీవితకు ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్విన మరుక్షణం ఒళ్లు మండుతుంది.

బుధవారం ఆడవాళ్ల కూడికలో ప్రార్థన మనవులు అడిగి పుస్తకంలో రాసేది జీవితే. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి కొడుకు ఉద్యోగం. క్రిస్టినా దగ్గరకొస్తే ఎప్పుడూ ఒకటే జవాబు.

“నాకేటీ లేదు, పక్కోలని అడుగు.”

“ఇలాగైతే దేవుడికి నీ పేరే గుర్తుండదే,” అని ఆటపట్టించి, జీవిత పక్కామె మనవి రాసుకునేది.

జ్ఞాపకార్థ కూడిక రోజు పాస్టరు యేసుపాదం తన పేరు పిలవగానే జీవిత లేచింది. రాసి తెచ్చుకున్న కాగితం మడత విప్పలేదు.

“నాకు దాని మీద కోపం,” అంది. “ప్రతి బుధవారం అడిగినాను. ఒక్కసారైనా సెప్పలేదు. అది లేదంటే నాను రెండోపాలి అడగలేదు, ఆ కోపం నా మీద. అయినా సెప్పొచ్చు కదా. పక్కనే కూకునేదాన్ని కదా.”

ముందు వరసలోంచి మగ్దలేనమ్మ లేచి నెమ్మదిగా వస్తుంటే జీవిత ఒక అడుగు వెనక్కి వేసింది. కూతురి కూడిక పాడుచేశానని అందరి ముందూ కడిగేస్తుందనుకుంది.

“తప్పయిపోయింది, పిన్నీ,” అంది.

మగ్దలేనమ్మ ఆమె భుజం పట్టుకుని నిలబడింది.

“ఏడాది నుంచి అందరూ దాన్ని దేవదూతని సేసేసినారు. నాకూ కోపమేనని ఎవులికి సెప్పుకోను?” అంది. “ఆపకు. ఇంకా తిట్టు, తల్లీ. నువ్వు తిడతంటే నా పిల్ల బతికున్నట్టుంది.”