దులపొద్దట

ఆసుపత్రి వెనక మెట్లు దిగితే బట్టలుతికే విభాగం. అక్కడ ఏ పని ఆగినా ఒక పని మాత్రం ఆగేది కాదు. వార్డుల నుంచి మూటలుగా దిగిన దుప్పట్లను మిషన్లో వేసే ముందు ఇద్దరేసి ఆడవాళ్ళు చెరో పక్కా రెండు కొసలు పట్టుకుని మూడుసార్లు గట్టిగా దులిపేవాళ్ళు. మంచం మీది దుప్పటిలో ఏం చుట్టుకుని వస్తుందో ఎవరికి తెలుసు? కత్తెరలు రాలేవి, మందు సీసాలు రాలేవి, ఒకసారి ఎవరివో కట్టుడుపళ్ళు కూడా రాలాయి. మిషన్ నడిపే ముసలాయన, అందరికీ మిషన్ తాత, ఆ పళ్ళను గుడ్డలో పెట్టుకుని వార్డు వార్డూ తిరిగి, "మీవేనా చూడండి బాబూ, సరిపోతే ఉంచేసుకోండి" అని అడిగాడని ఇప్పటికీ చెప్పుకుని పడీ పడీ నవ్వుతారు.

ఈ దులుపుడు అలవాటు చేసింది అంతకుముందు సూపర్‌వైజరుగా ఉన్న పెద్దావిడ. ఆవిడకీ ఒక కుర్చీ ఉండేది గానీ, దానిమీద ఎప్పుడూ సబ్బుపొడి డబ్బానే కూర్చునేది. పొద్దున్నే మొదటి మూట విప్పేది ఆవిడే. "గుచ్చుకుంటే నాకు గుచ్చుకోనీయండే, ముసలి రక్తం, ఏ జబ్బూ నా దగ్గర నాలుగు రోజులు కాపురం చెయ్యదు" అనేది.

ఆవిడ మానేశాక కుర్చీ పెద్దకోడలికి వచ్చింది. ఆమెను అక్కడ అందరూ పెద్దకోడలు అనే పిలుస్తారు. ఎందుకంటే ఆమె తోడికోడలూ అక్కడే దుప్పట్లు దులుపుతుంది, ఆ పిల్ల చిన్నకోడలు. ఇద్దరూ ఒకే గుమ్మం దాటి, ఒకే బస్సెక్కి, ఒకే డబ్బాలో అన్నం తెచ్చుకునేవాళ్ళు. కుర్చీ వచ్చాక డబ్బాలు రెండయ్యాయి. పెద్దకోడలు సబ్బుపొడి డబ్బాను కింద పెట్టి, కుర్చీ తుడుచుకుని కూర్చుంది. పుస్తకంలో మూటల లెక్క రాయడం మొదలుపెట్టింది.

అదే నెలలో కొత్త మేనేజరు దిగాడు. మెడలో తాడుకు గడియారం వేలాడేసుకుని, ఎవరి వెనకో చప్పుడు లేకుండా నిలబడి టక్కున నొక్కేవాడు. రెండో రోజుకే అతని పేరు గడియారం అయిపోయింది. మూడోరోజు పెద్దకోడలిని గదిలోకి పిలిచాడు.

"ఈ దులపడానికి మూటకు నాలుగు నిమిషాలు పోతోంది. రేపటి నుంచి వద్దు. విప్పడం, మిషన్లో వెయ్యడం, అంతే. మీవాళ్ళకి చెప్పండి."

అది తప్పని పెద్దకోడలికి తెలుసు. పన్నెండేళ్ళు ఆ కొసలు పట్టుకున్న చేతులు ఆమెవి. "అదేంటండీ" అన్న మాట గొంతుదాకా వచ్చి, కుర్చీ గుర్తొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. బయటికి వచ్చి అందరికీ చెప్పింది.

"ఇక నుంచి దులపొద్దట."

చిన్నకోడలు చేతిలో దుప్పటి అలాగే ఉంచి చూసింది. "ఆ 'ట' ఏంటక్కా? నువ్వు చెబుతున్నావా, ఎవరో చెబితే విన్నావా?"

"సార్ చెప్పారే. నన్నెందుకు నమిలేస్తావు?"

"నిన్ను నమలడానికి నీదంటూ ఓ మాట ఉండాలిగా!"

అందరూ నవ్వారు. ఆరోజు నుంచి పెద్దకోడలు ఏం చెప్పినా వెనక నుంచి ఎవరో ఒకరు 'ట' తగిలించేవాళ్ళు. "టీకి పది నిమిషాలేనట." "మాట్లాడుకోకూడదట." "దగ్గొస్తే సార్‌ని అడిగి దగ్గాలట." పెద్దకోడలు వినీ విననట్టు లెక్క రాసుకునేది.

గడియారం వచ్చిన తొమ్మిదోరోజు పొద్దున ఆ లెక్క రాస్తుండగానే "అమ్మా!" అని కేక వినబడింది. చిన్నకోడలు కుడి బొటనవేలి కింద, రబ్బరు తొడుగు దాటుకుని, వాడేసిన సూది దిగి నిలబడి ఉంది. మిషన్ తాత సూది లాగి పక్కన పెట్టాడు, తొడుగు తీసి పెద్దకోడలి చేతిలో పెట్టాడు, పిల్లను పైకి తీసుకెళ్ళాడు. పైన నర్సమ్మ గాయం కడిగి, రక్తం తీసి, మాత్రలు ఇచ్చింది. ఆ సూది ఏ రోగిదో తెలియదు. జబ్బు అంటిందో లేదో ఆరు వారాల తర్వాత ఇంకోసారి పరీక్ష చేస్తే గానీ చెప్పలేమంది.

గంట తిరక్కుండా గడియారం పిలిచాడు. బల్లమీద ఒక కాగితం. సగం అతనే నింపేశాడు. కారణం అన్నచోట 'అజాగ్రత్త, తొడుగులు వేసుకోలేదు' అని ఉంది. కింద, పనిలోంచి తీసివెయ్యాలని.

"ఇక్కడ సంతకం పెట్టండి."

"తొడుగు వేసుకుందండీ. ఇదిగో చిల్లు, ఇదిగో రక్తం."

"చిల్లు ఎప్పుడైనా పడొచ్చు. ఆమె తప్పు కాకపోతే ఆస్పత్రి తప్పవుతుంది. అప్పుడు వైద్యమంతా మనమే చేయించాలి. మీరు మేనేజ్‌మెంట్ మనిషి, అర్థం చేసుకోవాలి."

"దులిపి ఉంటే ఆ సూది నేలమీద పడేదండీ. దులపొద్దని మీరేగా అన్నారు!"

అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. "నేను వాళ్ళతో ఒక్క మాటైనా అన్నానా? కాగితం ఉందా? వాళ్ళకి చెప్పింది ఎవరు?"

పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. అతని మెడలో తాడు పట్టుకుని లాగాలనిపించింది. కానీ ఆ మంటలో సగం తన మీదే. ఎవరు చెప్పారు? తనే చెప్పింది. అదీ 'ట' అనే ఒక్క అక్షరం చాటున దాక్కుని చెప్పింది. కుర్చీ కోసం నోరు మూసుకున్నది తను, సూది దిగింది మాత్రం మరిది పెళ్ళాం చేతిలో.

పెన్ను తీసుకుంది. అతను రాసిన కారణం మీద గీత కొట్టింది. అయిదో తరగతి చేతిరాతతో, ఒక్కో అక్షరం కాగితం చిరిగేలా నొక్కి రాసింది: 'దులపొద్దని వీళ్ళకి చెప్పింది నేను. నాకు చెప్పింది మేనేజరు గారు. ఈ అమ్మాయి చేతికి తొడుగు ఉంది. ఆ తొడుగు దీనికి పిన్ను కొట్టాను.' సంతకం పెట్టి, బల్లమీది పిన్నుల యంత్రం లాక్కుని, రక్తపు తొడుగును కాగితానికి టకటకా మూడు పిన్నులు కొట్టింది.

"ఏయ్, ఏంటిది? కుర్చీ వద్దా మీకు?"

"ఆ కుర్చీ మీరే తీసుకెళ్ళి మూల పడేసుకోండి! పన్నెండేళ్ళలో ఎవ్వరికీ గీత పడలేదు ఇక్కడ. మీరొచ్చి తొమ్మిది రోజులు. నాలుగు నిమిషాలు మిగిల్చారు కదా, ఏం చేసుకున్నారు వాటిని?"

కాగితం అతని చేతికి ఇవ్వలేదు. మెట్లెక్కి నేరుగా నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మ చదివి, తొడుగు తిప్పి చూసి, 'చిల్లు, గాయం ఒకేచోట ఉన్నాయి' అని రాసి తనూ సంతకం పెట్టింది. అసలు కాగితాన్ని పెద్ద డాక్టరు గారికి పంపింది. ఇక పిల్లను తీసెయ్యడం ఎవరి తరమూ కాదు.

కిందికి వచ్చి పెద్దకోడలు మిషన్ ఆపించింది. "దులపండి. నేను చెబుతున్నాను."

ఎవరూ కదల్లేదు. ఎవరో వెనక నుంచి "దులపాలట" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె చీరకొంగు బొడ్లో దోపి, తొడుగులు వేసుకుని, అక్కడున్న మూటల్లో పెద్దది లాగి తనే ముడి విప్పింది. పై దుప్పటి రెండు కొసలూ పట్టుకుని లేచింది. అవతలి కొసలు నేలమీద పడి ఉన్నాయి. దుప్పటి ఒక్కరు దులిపేది కాదు. ఆమె అలా పట్టుకునే నిలబడింది.

చిన్నకోడలు కట్టు కట్టిన చేత్తో దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు గుచ్చుకున్నాక వచ్చిందా నీకు నోరు?"

"అవునే. ఆలస్యంగా వచ్చింది."

"ఆరు వారాలు నేను నిద్రపోను. నిన్నూ పోనివ్వను. గోడ అవతలే కదా నీ మంచం."

"పోనివ్వకు."

"మర్చిపోతాననుకోకు."

"మర్చిపోతే చెంప పగలగొడతాను."

చిన్నకోడలు ఎడమచేత్తో ఒక కొస అందుకుంది. రెండోది అందుకోలేక చూస్తుంటే మిషన్ తాత గొణుక్కుంటూ వచ్చి అది పట్టుకున్నాడు. గుమ్మంలో గడియారం నిలబడి తాడు సవరించుకుంటున్నాడు.

"అడ్డు తప్పుకోండి సార్," అంది పెద్దకోడలు, "ఇందులో ఏముందో తెలీదు, మీ మీద పడుతుంది."

ముగ్గురూ కలిసి దులిపారు, గోడలు అదిరేలా.