పదిహేను గజాల అవతల

డప్పు చప్పుడు వినబడేసరికి బిక్షమ్మ సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని సగం తోవలో ఉంది. జడ్చర్లలో బస్సులు ఆగే చోట, బాటసారులు దిగే సరాయి ముందర, గాలయ్య దండోరా వేస్తున్నాడు. గాలయ్య వాళ్ల వాడవాడే. రోజూ నవ్వుతూ పలకరించే మనిషి ఆ వేళ ఎవరి మొహమూ చూడకుండా పైకి చూస్తూ చెప్పుకుపోయాడు.

"ఇనుండ్రి, సర్కారు హుకుం. ఇయాల్టి సంది సడక్‌కు రెండు దిక్కుల పదిహేను గజాల లోపల ఎవ్వలు గంప దించద్దు. మోటరు ఎంబడి ఉరకద్దు. మోటరు నిలవడ్డంక గూడ కిటికీల కాడికి పోయి అమ్మద్దు. తప్పితె మాలు జప్తు, మనిషి ఠాణాకు."

మళ్లీ డప్పు కొట్టాడు. మిగతా ఆడవాళ్లు పదిహేను గజాలంటే ఎంత దూరమని గాలయ్యను చుట్టుముట్టారు. బిక్షమ్మ కదల్లేదు. ఆమె చెవిలో ఒకటే మాట తిరుగుతోంది. మోటరు ఎంబడి ఉరకద్దు.

ఆ మాట ఎవరి వల్ల వచ్చిందో అందరికీ తెలుసు. పన్నెండు రోజుల కింద పాలమూరు బస్సు వెనక చక్రం సుక్కమ్మ పాదం మీదుగా పోయింది. సుక్కమ్మ బిక్షమ్మకు తోడికోడలు. సుక్కమ్మ మొగుడు చనిపోయి మూడేళ్లయింది. పక్కపక్క గుడిసెలు, ఒకే పొయ్యి. తెల్లవారకముందే ఇద్దరూ కలిసి గుట్టలెక్కి కాయలు ఏరుకొచ్చేవారు, కలిసే సడక్ మీదికి వచ్చేవారు.

బస్సు అక్కడ ఆగేది చుట్ట కాల్చినంత సేపే. అది పూర్తిగా ఆగకముందే పరుగెత్తి కిటికీ చువ్వ పట్టుకున్న మనిషి గంపే ఖాళీ అవుతుంది. వెనకబడితే దుమ్ము మిగులుతుంది. ఆ రోజు ముందు కిటికీలో ఒక పెద్ద కుటుంబం కూర్చుని ఉంది, పిల్లలు చేతులు చాపుతున్నారు. అక్కాచెల్లెళ్లలా వచ్చిన ఇద్దరూ ఆ కిటికీ కోసమే పరుగెత్తారు. సుక్కమ్మ ఒక అడుగు ముందుంది. బిక్షమ్మ మోచేత్తో ఆమెను పక్కకు నెట్టింది. పెద్దగా కాదు, జాతరలో జనం నెట్టుకున్నంతే. సుక్కమ్మ జారింది. బిక్షమ్మ చెయ్యి కిటికీ చువ్వకు అందేసరికి వెనక కేక వినబడింది.

ఎవరూ చూడలేదు. బస్సు నడిపే దస్తగిరి కూడలి దగ్గర జోరుగా తిప్పాడని, సడక్ దించాడని తలా ఒకటి చెప్పారు. ఠాణాలో పోలీసు అమీను సాబు అదే రాసుకుని అతని లైసెన్సు కాగితం గుంజుకున్నాడు. బస్సు యజమాని అతణ్ణి ఆ రోజే పనిలోంచి తీసేశాడు. దవాఖానలో సుక్కమ్మకు రెండు వేళ్లు తీసేశారు. ఎట్లా పడ్డావని అడిగిన ప్రతివాళ్లకూ ఆమె ఒకటే చెప్పింది. "యాదికి లేదు. పడ్డ."

ఆ మాట నిజమో కాదో తెలియక బిక్షమ్మ అప్పటినుంచి కుదురుగా కూర్చోలేదు. అన్నం ముందు కూర్చుంటే నీళ్లు మరిచానని లేచేది. నీళ్లు తెచ్చుకుని పొయ్యి ఆరిందేమోనని లేచేది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. ఆమె మొగుడు ఇస్రాయేలు చూసి చూసి, "కాళ్ల కింద నిప్పులు వోసినట్టు తిరుగుతున్నవేందే," అన్నాడు. ఆమె చీపురు మూలకు విసిరి గడ్డి కట్ట అందుకుంది.

దండోరా వేసిన మధ్యాహ్నమే ఒక జవాను వచ్చి గజాల కట్టెతో కొలిచి సరాయి గోడ పక్కన సున్నం గీత గీశాడు. గీతకు ఇవతల గంపలు దించుకోవచ్చు. చోటు వెడల్పుగానే ఉంది, నీడ కూడా ఉంది. కానీ ఎవరూ రాలేదు. బస్సు దిగి అంత దూరం నడిచి వస్తే ఆలోపు బస్సు కదులుతుందని ప్రయాణికుల భయం. కిటికీల్లోంచి చూశారు, కొందరు చేతులూపారు, డ్రైవరు హారన్ కొట్టాడు, దుమ్ము లేచింది.

సీతాఫలం ఎవరి కోసమూ ఆగదు. పొద్దున కన్ను విప్పిన కాయ సాయంత్రానికి వేలు తగిలితే కుంగుతుంది, మర్నాటికి ఈగలపాలు. రెండో రోజు సాయంత్రం బిక్షమ్మ సగం గంప మేకలకు పోసింది.

మూడో రోజు ఉడకబెట్టిన పల్లికాయ అమ్మే పుల్లమ్మ అందరికీ వినబడేట్టే అంది. "ఒక్కదాని కాలు మీదికెల్లి మోటరు వొయ్యె, మనందరి నోట్ల మన్ను వడె. సూసుకొని ఉరకకపాయె."

"ఆమె సూసుకొనే ఉరికింది," అంది బిక్షమ్మ.

"మల్ల ఎట్ల పడ్డది?"

బిక్షమ్మ లేచి గీత వరకు నడిచింది, తిరిగి వచ్చింది, మళ్లీ నడిచింది.

అప్పుడే ఒక మనిషి సడక్ దాటి వాళ్ల వైపు వచ్చాడు. ఖాకీ కోటు వేసుకున్నాడు గానీ దాని గుండీలు పెట్టుకోలేదు, గడ్డం మాసింది. స్టీరింగు వెనక చూసిన మొహం కావడం వల్ల నేల మీద నిలబడితే బిక్షమ్మ వెంటనే ఆనవాలు పట్టలేదు. అతను దస్తగిరి.

"సుక్కమ్మ ఇల్లు యాడ్నమ్మా?" అని అడిగాడు.

అందరూ బిక్షమ్మ వైపు చూశారు. ఆమె గంప పుల్లమ్మకు అప్పజెప్పి ముందు నడిచింది. తోవలో రెండుసార్లు ఆగి అతని వైపు తిరిగి, మళ్లీ నడిచింది.

సుక్కమ్మ గుడిసె ముందు మంచం మీద కట్టు కట్టిన కాలు చాపుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. దస్తగిరి బండ మీద కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అమ్మా, నీ కాలు పోయింది, నేను కాదంటలేను. గని తొమ్మిదేండ్ల సంది బండి నడుపుతున్న. కోడిపిల్లను తొక్కలే. గా దినం నేను బండిని సడక్ దించలే. మెల్లగనే తిప్పిన. ఎట్ల పడ్డవో ఉన్నది ఉన్నట్టు అమీన్ సాబ్‌కు చెప్పు. నా కాగితం నాకిస్తడు. పిల్లలు నలుగురున్నరు."

సుక్కమ్మ చేతిలోని పిక్క కిందికి విడిచింది. "నాకు యాదికి లేదు, సాబ్."

"ఏం యాదికి లేదా?"

"పడ్డ. గంతే."

ఆమె అతని మొహం చూసే చెప్పింది. బిక్షమ్మ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. అలా తిరగకపోవడం చూసే బిక్షమ్మకు అర్థమైంది. యాదికి లేని మనిషైతే, అక్కడే ఉన్నావు కదే, నువ్వు చెప్పు అని తన వైపు చూసి ఉండేది.

దస్తగిరి ఇంకాసేపు కూర్చుని టోపీ పెట్టుకుని లేచాడు. అతను వాడ దాటేదాకా బిక్షమ్మ వాకిట్లోనే నిలబడింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లింది, కుండ మూత తీసింది, పెట్టింది, బయటికి వచ్చింది.

"కూసో," అంది సుక్కమ్మ.

"కూసోబుద్ధయితలేదక్కా."

"పద్నాలుగు దినాల సంది జూస్తున్న. నువ్వు తిరుగుడు జూస్తె నా కాలు కంటె ఎక్కువ నొస్తాంది. కూసో."

బిక్షమ్మ నేల మీద కూలబడింది. కట్టు మీద వాలిన ఈగను తోలుతూ, తలెత్తకుండా చెప్పింది. "నేనే నూకిన అక్కా. నువ్వు ముందుగాల పోతున్నవని నూకిన."

"నాకెర్కే."

"మల్ల ఎందుకు చెప్పలే?"

సుక్కమ్మ చింతపండు పక్కకు పెట్టింది. "చెప్తె ఏమొస్తది? వేళ్లు వస్తయా? దానికి ముందటి వారం గదే జాగల నేను నిన్ను నూకిన. నువ్వు పడలే. పడ్డుంటె నువ్వు గీ మంచం మీద ఉండేదానివి, నేను వాకిలి ఊడ్సేదాన్ని." కాలు మంచం దించుతూ, "గని గా సాబు పిల్లల సంగతి నాకెర్కలేదు," అంది. "నా కట్టె ఇయ్యి."

"ఏడికి?"

"ఠాణాకు. నువ్వొక్కదానివి పోతె నిన్ను ఆణ్నే కూసోవెడ్తరు."

ఠాణా పావు కోసు కూడా లేదు. అయినా సుక్కమ్మ ఒక చెయ్యి కట్టె మీద, ఒక చెయ్యి బిక్షమ్మ భుజం మీద వేసి నాలుగుచోట్ల ఆగి వెళ్లేసరికి పొద్దు వాలింది. వాళ్లను మెట్ల కిందే నిలబెట్టారు. అమీను నడివయసు మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని బయటికి వచ్చాడు. సుక్కమ్మ కాలు చూసి మెట్టు మీద కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

బిక్షమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ కొంగు చివర వేలికి చుట్టుతూ విప్పుతూ ఉంటే ఆ వేలు తెల్లబడింది.

"నూకినవంటె అది జుర్మ్, నేరం. తెలుసా?" అన్నాడు అమీను.

"తెల్సు."

"దెబ్బ తాకింది నాకు, దొరా," అంది సుక్కమ్మ. "నాకేం ఫిర్యాదు లేదు. డ్రైవరు సాబుది తప్పు లేదని రాయుండ్రి. నేను వేలిముద్ర వెడ్త."

"ఇన్ని దినాలు నోట్ల ఏమున్నది మీకు? డ్రైవరు కాగితం పాలమూరు పోయింది. పెద్ద సాబు దస్తఖత్ కూడా అయ్యింది."

అమీను లోపలికి వెళ్లి చాలాసేపటికి ఉర్దూలో నిండా రాసిన కాగితం తెచ్చాడు. ఇద్దరి వేలిముద్రలూ తీసుకున్నాడు. వెళ్లమన్నాక కూడా బిక్షమ్మ నిలబడి ఉంది.

"దొరా, గా హుకుం. డ్రైవరుది తప్పు కాదంటె, గా గీత తీసేస్తరా?"

అమీను ఆమెను వింతగా చూశాడు. "నువ్వు చెప్పింది ఇన్నంక ఇంకింత గట్టిగ ఉంచాలె. బండి మెల్లగ వస్తాంటె కూడా మీరు ఒకల్లనొకలు చక్రం కిందికి నూకుతున్నరు. ఇయాల వేళ్లు పోయినయి, రేపు పానం పోతది. గీత గీత లెక్కనే ఉంటది."

తిరుగు తోవలో బిక్షమ్మ ఆ మాటలకు కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు దొరకలేదు.

మర్నాటికి సంగతి వాడంతా తెలిసిపోయింది. పుల్లమ్మ తన పల్లికాయల గంప రెండు బారల దూరం జరుపుకుంది. మిగతావాళ్లు కూడా ఎవరికి వాళ్లు జరిగారు. బిక్షమ్మ రోజూ వచ్చింది. కాయలు సగం అమ్ముడుపోయేవి కావు. ఆమె గీత పొడవునా అటూ ఇటూ తిరిగేది, బస్సు వస్తే కాళ్లు వాటంతటవే ముందుకు లాగేవి, గీత దగ్గర ఆగేది. జవాను చూసి ఒకసారి కట్టె ఎత్తాడు, ఆమె ఆగడం చూసి దించాడు.

తొమ్మిదో రోజున దస్తగిరి వచ్చాడు. కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. కాగితం తిరిగి ఇచ్చారట, పాత యజమాని మాత్రం రానివ్వలేదట. కల్వకుర్తి దిక్కు నడిచే ఇంకో బస్సు దొరికింది. సుక్కమ్మకు చెప్పమని వచ్చానన్నాడు. బిక్షమ్మ గంపలోంచి మంచి కాయలు ఏరి అతని రుమాలులో పోయబోతే రెండే తీసుకున్నాడు.

"నీ మీద నాకు కోపం లేదని అందామనుకున్న. గని మనసుల ఇంక జర ఉన్నది," అన్నాడు.

"ఉండనియ్యి సాబ్."

అతను గీతను, గోడను, సడక్‌ను ఒకసారి చూశాడు. "బస్సు మీ కాడికి రావాలంటె మీ తాన దానికి పని ఉండాలె. గీ ఎత్తెక్కి వచ్చేవరకు ఇంజను మరుగుతాంటది. క్లీనరు డబ్బ పట్టుకొని బాయి కాడికి ఉరుకుతడు, గా బాయోళ్లతోని రోజు కొట్లాట. నువ్వు గీ గోడ పక్కన నాలుగు కుండల నీళ్లు వెట్టు. బండి గిట్ల దిగుతది. నీళ్లు వోసేదాంక జనం ఊకె కూసోరు, దిగుతరు."

"మా నీళ్లా?" అంది బిక్షమ్మ. వాళ్ల వాడ బావి నీళ్లు ఊళ్లో ఎవరూ ముట్టరు.

"తాగేది ఇంజను. అది కులం అడుగదు."

ఆ సాయంత్రమే ఆమె నాలుగు కుండలు మోసింది. ఇస్రాయేలు రెండు కావిళ్లు తెచ్చాడు. మొదటి రోజు ఏ బస్సూ దిగలేదు. బిక్షమ్మ ఎండకు కుండల మీద తడిగుడ్డలు కప్పుతూ తీస్తూ గడిపింది. రెండో రోజు గాలయ్య వచ్చి, ఎవరూ అడగకుండానే గీత పక్కన నిలబడి డబ్బాతో నీళ్లు ఎత్తి పోస్తూ డ్రైవరుకు చూపించాడు. పాలమూరు బస్సు కొత్త డ్రైవరు కాసేపు చూసి, చక్రం తిప్పి, సడక్ దిగి సరాయి గోడ నీడలోకి వచ్చి ఆగాడు. ఇంజను మీద మూత తీయగానే ఆవిరి బుస్సుమంది. క్లీనరు నీళ్లు పోస్తుంటే జనం ఒళ్లు విరుచుకుంటూ దిగారు. చెంబు పట్టుకుని దిగిన ఒక ముసలాయన కుండలు ఎవరివని అడిగి, తెలుసుకుని, ఖాళీ చెంబుతోనే వెనక్కి వెళ్లాడు. కానీ సీతాఫలాలు పది కొన్నాడు.

జవాను కట్టెతో వచ్చి బస్సు ఎక్కడ ఆగిందో చూశాడు. సడక్ ఖాళీగా ఉంది. అతను కూడా పుల్లమ్మ దగ్గర పల్లికాయ కొనుక్కుని నీడకు నిలబడ్డాడు.

ఆ ఏడు సీతాఫలాలు ఇంకో పదిహేను రోజులే వచ్చాయి. సుక్కమ్మ మళ్లీ గుట్ట ఎక్కలేదు. బిక్షమ్మ ఒక్కతే ఇద్దరి కాయలూ ఏరుకొచ్చి ఇచ్చేది, సుక్కమ్మ కుండల పక్కన చాప మీద కూర్చుని రెండు గంపలూ అమ్మేది. ఆమె గొంతు పెద్దది, బస్సు దిగినవాళ్లు ముందు ఆమె దగ్గరికే వచ్చేవారు. బిక్షమ్మ ఆ సేపట్లో ఖాళీ కుండ చంకన పెట్టుకుని బావికి వెళ్లేది.

"జర కూసోరాదే, బస్సు పోయినంక పోదువు," అనేది సుక్కమ్మ.

"వస్త అక్కా," అని బిక్షమ్మ అప్పటికే నడుస్తూ ఉండేది.