తేదీ వెయ్యని లీవు లెటరు

మలికిపురం దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో ముప్పయ్యేళ్ళు హెడ్మాస్టరుగా చేసిన దానం మేష్టారిది ఒకటే పట్టు. లీవు లెటరు మీద ఇంట్లోవాళ్ళ సంతకం లేకపోతే, జ్వరంతో వణుకుతున్న పిల్లనైనా వెనక్కి పంపేవారు. అలా రెండుసార్లు వెనక్కి నడిచినవాళ్ళలో లీలావతి ఒకతె. ఇప్పుడామె అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ సిస్టరు. మేష్టారు ఆమె వార్డులో మూడో నంబరు మంచం.

ఊపిరితిత్తులు ఇక పనికిరావని మేష్టారికి డాక్టరు కంటే ముందే తెలుసు. శనివారం ఆయాసపడుతూనే రూళ్ళ కాయితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఆమె చేతికిచ్చారు.

"ఊపిరి ఆడనప్పుడు గొట్టం వెయ్యొద్దని రాసేనే. ఇంటికి పంపెయ్యాలి. తేదీ ఎప్పుడో నాకు తెలీదు గదా, ఖాళీ వదిలేను. నువ్వు వేసుకో."

"ఆయ్ మేష్టారూ," అంది లీలావతి. ఆయనకు ఆయ్ అని మాట తప్పిన పిల్ల ఆ ఊళ్ళో లేదు. కాయితం కేసు షీటులో పెట్టింది.

ఆదివారం ఆమెకు సెలవు. సోమవారం వచ్చి చూస్తే మేష్టారి నోట్లో గొట్టం, పక్కన మిషను. పీక్కోకుండా రెండు చేతులూ మంచానికి కట్టేసి ఉన్నాయి. ఎక్కం అప్పజెప్పలేని పిల్లను చూసినట్టు చూశారు ఆమెను.

డాక్టరు భాస్కర్ గారు రోగి మాట వినకుండా ఏ పనీ చెయ్యరు. గొట్టం వేశాక రోగి మాట్లాడలేడు గనక వినే శ్రమ తప్పుతుంది.

"సార్, ఆయన రాసిచ్చేరు కదండీ."

డాక్టరు గారు కాయితం పై సగం చూశారు. "తేదీ లేదు. ఇంట్లోవాళ్ళ సంతకం లేదు. ఇది చెల్లదు సిస్టర్. వాళ్ళబ్బాయే వెయ్యమన్నారు."

అబ్బాయి శ్యామ్ బాబు వరండాలో ఫోన్లో ఉన్నాడు. గురువారం అతని కూతురు క్రిస్టీనా పెళ్ళి. ఫ్లెక్సీలు రాజోలు సెంటరు దాకా కట్టేశారు. వాటిలో మేష్టారి బొమ్మ కింది వరసలో, ఆహ్వానించువారి దగ్గరుంది. పోయినవాళ్ళను పై వరసలో మబ్బుల మధ్య వేస్తారు. కింది వరసలోంచి పై వరసలోకి మనిషిని మార్చడం దేవుడికి క్షణం పని. ఫ్లెక్సీ షాపులో రెండు రోజులు పడుతుంది.

"మాకు మైలా గియిలా లేదు లీలావతి గారూ, ప్రార్థనాపరులం," అన్నాడు. "కాని జనం ఏవంటారు? శవాన్ని పెట్టుకుని పలావు వడ్డించేరంటారు. గురువారం దాకా లాగించెయ్యండి. ఆ తర్వాత ప్రభువు చిత్తం."

"అందాకా ఎవరి చిత్తమండీ?"

కాయితం ఆఖరిదాకా చదవమని ఆమె చెప్పేలోగా అతనికి మళ్ళీ ఫోను వచ్చింది.

ఆ పూట లీలావతి మేష్టారి గొంతులో కఫం మూడుసార్లు తీసింది. తీసినప్పుడల్లా ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మిషను తెర మీద మాత్రం అంతా సవ్యంగానే ఉంది. గొట్టం తను తీస్తే కేసవుతుంది. తియ్యకపోతే మాట పోతుంది.

మంగళవారం పొద్దున్న ఆమెకు తట్టింది. సంతకం లేదంటే తెచ్చుకోవాలి. చిన్నప్పుడు అందుకు రెండు మైళ్ళు నడిచింది. ఇప్పుడు వరండా చివరి బెంచీ దాకా నడిస్తే చాలు. అక్కడ మేష్టారి భార్య బంగారమ్మ గారు రెండు రోజులుగా ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అమ్మగారూ, గొట్టం గురించి మిమ్మల్నెవరైనా అడిగేరా అండీ?"

"నన్నెవరడుగుతారే? ఫ్లాస్కు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను."

లీలావతి ఇచ్చిన కాయితం ఆసాంతం చదివారు. చివరికొచ్చి నవ్వబోయి, చెంగుతో ముక్కు తుడుచుకున్నారు. "పెన్నియ్యి," అన్నారు.

డాక్టరు గారి గదిలో శ్యామ్ బాబు గొంతు తగ్గించాడు. "అమ్మా, గురువారం ఒక్కటీ..."

"నువ్వుండరా. మీ నాన్న కాయితం ఆఖరిదాకా చదివేవా?" ఆవిడే చదివారు: "'మనవరాలి పెళ్ళి ఆపవద్దు. నన్ను పొద్దున్న పాతిపెట్టి సాయంత్రం పెళ్ళి చేయవలెను. ఒక పిల్లవాడు రానంత మాత్రాన బడి మూసిన అలవాటు నాకు లేదు.'"

శ్యామ్ బాబు ఫ్యాను వంక చూశాడు. డాక్టరు గారు కాయితం కింది సగం మొదటిసారి చదివారు.

"ఇది ముందే చూపించాల్సింది సిస్టర్."

"ఆయ్ సార్," అంది లీలావతి.

ఇంకో డాక్టరును పిలిచి, మిషను వల్ల ఒరిగేదేమీ లేదని ఇద్దరూ రాశారు. తెలియడం శనివారమే తెలుసు. రాయడానికి మంగళవారం అయింది. లీలావతి ఖాళీలో తేదీ వేసింది. అంకె కాస్త వంకరపోయింది. మేష్టారైతే మళ్ళీ రాయించేవారు.

కట్లు విప్పి, ఆయాసం తెలియకుండా మందిచ్చి, గొట్టం తీసి, అంబులెన్సులో ఆమే ఇంటిదాకా వెళ్ళింది. బుధవారం సాయంత్రం మేష్టారు తన మంచం మీదే, బంగారమ్మ గారి చెయ్యి పట్టుకుని పోయారు. గురువారం పొద్దున్న సమాధి, సాయంత్రం పెళ్ళి.

"తండ్రి మాట నిలబెట్టేడండీ, ఎంత మనసండీ శ్యామ్ బాబు గారిది!" అన్నారు జనం.

మండపం ముందు ఫ్లెక్సీ మారలేదు. మేష్టారు కింది వరసలోనే ఉండి, వచ్చినవాళ్ళందరినీ ఆహ్వానించారు. లీలావతి ఓ నిమిషం అక్కడ ఆగింది. మిగతావాళ్ళెవరూ ఆగలేదు. లోపల పలావు వడ్డిస్తున్నారు.