రేవులో ఏడుపు

నోట్లో ఎప్పుడూ రెండు సూదులు కరుచుకుని కుట్టేది గనక, సినిమా కంపెనీ వాళ్లు ఆమెకు సూదమ్మ అని పేరు పెట్టారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆమె కూడా మర్చిపోయి ఉంటుంది. దుస్తుల గదిలో ఆమెది కుట్టుపని, పక్క షెడ్డులో మొగుడిది వడ్రంగం.

నలభై అయిదేళ్ల కిందటి మాట. అప్పట్లో ఇంటింటా చదివి కళ్లు తుడుచుకున్న పెద్ద నవల ఒకటి ఉండేది. దాన్ని సినిమాగా తీస్తున్నారు. అందులో కూతురు ఎక్కిన పడవ మునిగిపోతుంది, తల్లి రేవులో నిలబడి ఏడవాలి. కథానాయిక మొహం ఎంత బాగా పెట్టిందంటే చూసినవాళ్లకు గుండె కలుక్కుమంది. గొంతు మాత్రం పిల్లి తోక తొక్కినట్టు వచ్చింది. శబ్దాలు రికార్డు చేసే పెద్దాయన ఇరవైసార్లు చేయించి, తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడాయనకు కిందటి నెల సంగతి గుర్తొచ్చింది. సూదమ్మ పదినెలల పాప జ్వరంతో పోయిందన్న కబురు దుస్తుల గదికే వచ్చింది. ఆ ఏడుపు గోడ అవతల ఉన్న ఆయన విన్నాడు.

"అడగకూడనిది అడుగుతున్నాను తల్లీ. ఒక్కసారి," అన్నాడు.

సూదమ్మ సూదులు తీసి పక్కన పెట్టి, మైకు ముందుకెళ్లి నిలబడింది. ఒక్కసారే. రెండోసారి అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేకపోయింది.

"ఎందుకొప్పుకున్నావే?" అన్నాడు మొగుడు ఇంటికొచ్చాక.

"ఇంట్లో ఏడిస్తే మీరు కుంగిపోతున్నారు. అక్కడైతే అదీ పనిలో లెక్కే కదా."

సినిమా ఏడాది ఆడింది. ఆ ఏడుపు విని జనం కుర్చీల్లోంచి లేవలేకపోయారట. ఎవరిదో మాత్రం తెరమీద వెయ్యలేదు.

తర్వాతేమైందో చూడండి. మొదట మరో నాలుగు సినిమాల్లో తల్లి ఏడవాల్సిన చోటల్లా ఆ ఏడుపే తెచ్చి అతికించారు. ఆపైన ఒక హాస్యగాడు జారిపడితే అదే వేశారు, హాలు గొల్లుమంది. ఇక పట్టపగ్గాల్లేవు. చొక్కా మీద మరక పడితే సబ్బు ప్రకటనలో అది. టీవీ వంటల కార్యక్రమంలో పాలు పొంగితే అది. చివరికి ఫోన్లలోకి ఎక్కింది. నవల సంగతి అటుంచండి, సినిమా మొహమైనా చూడని పిల్లలకు కూడా ఆ ఏడుపు కంఠతా వచ్చు. దాని వెంటే సినిమాలో పడవవాడు అనే మాటా వచ్చు. సూదమ్మ వాళ్లుండే అయిదంతస్తుల ఇంట్లో అదో ఆటైపోయింది. లిఫ్టు ఆగినా, కరెంటు పోయినా ఎవరో ఒకరు ఫోన్లో ఆ ఏడుపు పెడతారు. ఇంకో అంతస్తు నుంచి జవాబొస్తుంది: "ఇంటికి పోమ్మా, నది తిరిగివ్వదు!"

మొగుడికి ఒళ్లు మండిపోయేది. "వెళ్లి నాలుగు తగిలించి వస్తానుండు!"

"మీకు కుళ్లు. మీరు మేకు కొట్టిన చప్పుడు ఎవరైనా దాచుకున్నారా?" అని సూదమ్మ నవ్వించి కూర్చోబెట్టేది. ఆయన నవ్వాక ఆమె కాసేపు వంటింట్లోకి వెళ్లి వచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన వంటింటి అలమర తలుపు బిగిస్తూ, ఎడమచెయ్యి లాగుతోందే అన్నాడు. అంటూనే కూలబడ్డాడు. పడుతూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వడ్రంగి పట్టు, ఊడి వస్తుందా? ఫోను ముందుగదిలో ఉంది. కేకేద్దామని నోరు తెరిస్తే మాట రాలేదు. అదే వచ్చింది, నలభై అయిదేళ్ల నాటిది.

పైఅంతస్తు నుంచి ఓ ఆడపిల్ల గొంతు హుషారుగా అందుకుంది. "ఇంటికి పోమ్మా, నది తిరిగివ్వదు!"

సూదమ్మ మళ్లీ అరిచింది. ఈసారి కింది నుంచి ఇద్దరు జవాబిచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఎంతసేపైందో ఆమెకు తెలియదు. ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పుకుని, పరుగున వెళ్లి ఎదురింటి తలుపు కొట్టింది. ఆ ఇంట్లో ఉండేది నర్సు. నోట్లో ముద్దతో తలుపు తీసింది.

"ఆయన పడిపోయారమ్మా," అంది సూదమ్మ మామూలు గొంతుతో.

నర్సు ఎంగిలి చేత్తోనే పరుగెత్తింది. ఆయన గుండె మీద రెండు చేతులూ వేసి చెమటలు కారేదాకా నొక్కింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"విన్నాను పెద్దమ్మా. రెండుసార్లూ విన్నాను. ఎవరిదో ఫోననుకుని, వెధవ గోల అని తిట్టుకున్నాను కూడా. మొదటిసారే వచ్చుంటే..." అని ఆగిపోయింది.

మర్నాడు బంధువులొచ్చారు. సూదమ్మ పెదవులు బిగించుకుని ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఏడ్చెయ్యి వదినా, లోపల పెట్టుకోకు," అని ఆడపడుచు భుజం కుదిపింది. "అన్నయ్యని ఇలాగేనా పంపేది?"

ఆ ఏడుపే కడుపులోంచి తన్నుకొచ్చింది. సూదమ్మ నోరు తెరిచింది. గుమ్మంలో నర్సు చంకలో ఉన్న రెండేళ్ల పాప చటుక్కున తల తిప్పి, కిలకిలా నవ్వి, ఫోనెక్కడుందా అని వెతుక్కుంది.

సూదమ్మ సగంలోనే నోరు మూసుకుంది.

"ఇక తీసుకెళ్లండి," అంది.

ఆడపడుచు ఇప్పటికీ ఎవరింటికెళ్లినా చెబుతూనే ఉంటుంది: "మా వదినది గుండె కాదమ్మా, బండరాయి. యాభై ఏళ్ల కాపురం, ఒక్క చుక్క రాలితే ఒట్టు."