అభ్యంతరం ఉంటే తెలియజేయండి

ఆ ఆదివారం చర్చిలో ప్రసంగం పరదేశి చెవికెక్కలేదు. ముసునూరులో మామిడి తోట సగం అమ్మిన సొమ్ము బ్యాంకులో ఉంది. రేపు పొద్దున అది దుబాయ్ ఫ్లాటుకి అడ్వాన్సుగా వెళ్లిపోవాలి. భార్య లీదియా అక్కడ ఆసుపత్రిలో నర్సు. ఏళ్లుగా నలుగురితో గది పంచుకుంటోంది. ఫ్లాటు వస్తే తానూ, కూతురూ వెళ్లి ఆమెతో ఉండవచ్చు.

ఫ్లాటు చూపించింది వాళ్ల సంఘంలోని పాల్ రాజే. డబ్బు మాత్రం తన ఖాతాలో వేస్తే కంపెనీకి తానే పంపుతానన్నాడు. లీదియా ఫోన్లో ఒప్పుకోలేదు.

"కడుతున్న బిల్డింగుకి బ్యాంకులో విడిగా ఎస్క్రో ఖాతా ఉంటుందండి. పని జరిగే కొద్దీ అందులోంచి బిల్డరుకి ఇస్తారు. మనం కట్టేది దాన్లోకే. ఆ నంబరు అడగండి, నిజమో కాదో ఇక్కడ నేను కనుక్కుంటా."

అడగడానికి పరదేశికి నోరు రాలేదు. తనకు జ్వరమొస్తే మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థన చేసిన మనిషి పాల్ రాజు. విశ్వాసమంటే అడగకపోవడమేనా అని మాత్రం లోపల తొలుస్తూనే ఉంది.

ఇంతలో పాస్టరుగారు పెళ్లి ప్రకటన చదివారు. "షాలోమికి, సంతోష్ కుమార్‌కి వివాహం నిశ్చయమైంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి. ఇది మొదటి ప్రకటన."

షాలోమి ఆయన సొంత కూతురు. అయినా పెళ్లికి ముందు మూడు ఆదివారాలు అలా అడగవలసిందే. ముందు వరుసలో ఆ పిల్ల నవ్వుతూనే కూర్చుంది.

బయట పాల్ రాజు బైకు దగ్గర నిలబడ్డాడు. "రేపు పంపేస్తున్నావుగా బావా? ఆఫర్ రేపే ఆఖరు."

"ఎస్క్రో ఖాతా నంబరు ఇప్పించు. అందులోకే పంపుతా."

"నా మీద నమ్మకం లేదా ఏంటి?"

"పాస్టరుగారికి కూతురి మీద నమ్మకం లేకే ఇందాక అందర్నీ అడిగారంటావా?"

పాల్ రాజు నవ్వేశాడు. అక్కడికక్కడే కంపెనీకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. అవతలి మనిషి ఆఫర్ గురించి గడగడా చెప్పాడు కానీ ఖాతా నంబరు చెప్పలేదు. మళ్లీ అడిగేసరికి ఫోన్ పెట్టేశాడు.

పాల్ రాజు ముఖం వాడిపోయింది. "నేనూ వాళ్లకే కట్టాను బావా. ఇదేదీ అడగలేదు."

తన సొమ్ము దక్కిందన్న ఊరట పరదేశికి నిలవలేదు. "రసీదులున్నాయా?"

"ఇంట్లో ఉన్నాయి."

"పద, తీద్దాం. దుబాయ్‌లో లాయరు కోసం లీదియా వాకబు చేస్తుంది."

బైకు వెనక ఎక్కి ఆమెకు ఫోన్ చేశాడు.

"అడిగారా?" అంది లీదియా.

"అడిగాను. మనం కలిసుండటానికి ఇంకొన్నాళ్లు పట్టేట్టుంది," అన్నాడు, ఖాళీగా ఉన్న చెయ్యి పాల్ రాజు భుజం మీద వేసి.