ఆవిడ చెప్పిన ముగింపు

పదమూడేళ్ల కిందట, జూలై తొమ్మిది. ఆ రాత్రి తిన్నది కాల్చిన రొట్టె, ఉడికించిన కోడిగుడ్లు. ప్రూఫ్ రీడర్‌కు అది ఇంత బాగా గుర్తుండటానికి కారణం, మర్నాడు పొద్దున్నే వెళ్లి తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకోవడం.

అప్పటికి ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ప్రెస్సులో పనిచేస్తున్నప్పుడు తమ్ముడు తన తప్పును అన్న మీదికి నెట్టి, అన్న ఉద్యోగం ఊడగొట్టాడు.

ఇంట్లో ఆయన పేరు 'సగం సినిమా'. టీవీ ముందు కూర్చుంటే ఇంటర్వెల్‌కల్లా గురక. మిగతా సగం పొద్దున కాఫీతో పాటు భార్య చెప్పేది. ఆ రాత్రి సగంలో వదిలేసిన సినిమాకు మర్నాడు పొద్దున ఆవిడ చెప్పిన ముగింపు: "తమ్ముడు వానలో తడుస్తూ తలుపు కొడతాడు. అన్న ఎంతకీ కదలడు. ఆఖరికి లేచి తీస్తాడు. అంతే."

ఆయన కాఫీ సగంలో వదిలేసి చెప్పులేసుకున్నాడు.

ఆవిడ పోయి రెండేళ్లు. తమ్ముడు ఇంకా పక్కగదిలోనే ఉంటున్నాడు. ఈ ఆదివారం సాయంత్రం టీవీలో అదే సినిమా వచ్చింది. ఆవిడ పోయాక నిద్ర అంత సులువుగా రావడం లేదు కనక, ఆయన తమ్ముడి పక్కన కూర్చుని చివరిదాకా చూశాడు. తెరమీద అన్న లేచాడు. తలుపు దాకా వచ్చాడు. పైగడియ కూడా పెట్టి, లైటార్పేశాడు.

"ఇదేంట్రా? తీయాలి కదా!"

"తీయడన్నయ్యా," అనేసి తమ్ముడు నాలుక కరుచుకున్నాడు.

"నీకెలా తెలుసు?"

"వదిన చెప్పింది. నేనొచ్చిన వారానికే. 'మీ అన్నయ్యకు మార్చి చెప్పాను, నోరు జారావో చూడు' అంది."

"అంటే ఇన్నేళ్లూ ఇద్దరూ కలిసి నా చెవిలో పూలు పెట్టారన్నమాట."

"పెట్టింది వదిన. నేను తీయలేదంతే."

ఆయన నవ్వలేదు. అక్షరం అటూ ఇటూ అయితే పట్టుకునే మనిషి, ఆవిడ మాటను మాత్రం ఒక్కసారీ మూలంతో సరిచూసుకోలేదు. సినిమాల్లో నేర్చుకున్నానంటూ కూతురికి చెప్పిన బుద్ధులన్నీ ఆవిడ స్టవ్ దగ్గర నిలబడి అల్లినవేనా? అడుగుదామంటే మనిషి లేదు.

తమ్ముడు రెండు చొక్కాలు సంచీలో కుక్కుకుని వీధిమెట్ల మీద కూర్చున్నాడు. "పొమ్మంటే పోతానన్నయ్యా."

ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

"ఆవిడ నన్ను నమ్మలేదురా. ఉన్నదున్నట్టు చెప్పినా నీకోసం వచ్చేవాణ్ణేమో."

"వచ్చేవాడివా?"

ఆయన తలుపు పైగడియ వైపు చూశాడు.

"లే. దోమలు."

తమ్ముడు సంచీతో లోపలికొచ్చాడు. ఆయన చప్పుడు కాకుండా తలుపు వేశాడు. పైగడియ జోలికి పోలేదు.