దసరా మెరుగు

వాహెద్ పిడిని బొగ్గుల మీద తిప్పుతున్నాడు. పాత తల్వార్ పిడిలో లక్క ఉంటుంది. సెగ తగిలితే లక్క కరిగి పిడి ఊడుతుంది, లోపలికి దిగిన ఇనుప తోక బయటపడుతుంది. అసలుదో నకిలీదో చెప్పేది ఆ తోకే. ఈ పిడిలోంచి లక్క కారలేదు, కాలిన జిగురు కంపు కొట్టింది.

"నిజాం జమానదంటిరి గద సార్. గీ గమ్ము నిజాం కాలంల ఏ దుకాన్ల దొరికింది?"

రిటైరైన రామచంద్రం సారు తను తెచ్చిన తల్వార్ తీసుకుని ముఖం మాడ్చుకుని లేచిపోయాడు. కరీంనగర్ గల్లీలో కత్తులకు సాన పట్టే వాహెద్‌కు దీన్ని మించిన సంబరం లేదు. డెబ్బయ్యేళ్లు వచ్చాయి, మోకాళ్లు వంగవు, కసాయి కత్తులు నూరీ నూరీ వేళ్లు మొద్దుబారాయి. అయినా ఎవరైనా తల్వార్ పట్టుకుని గుమ్మం ఎక్కితే చాలు, మూతి తిప్పడానికి ఎక్కడలేని ఓపికా వస్తుంది. ఈ జిల్లాల్లో ప్రతివాడి తాతా ఫౌజులో సవారే మరి. గుర్రాల పెండ ఎత్తినవాడు ఒక్కడూ లేడు.

ఎండెక్కాక మంథని దగ్గరి పల్లె నుంచి లస్మవ్వ వచ్చింది. పాత చీర విప్పి తల్వార్ తీసింది. అది కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది.

"మా ఆయిన ముత్యం పెద్దాసుపత్రిల ఉన్నడు సాయిబన్నా. నేడో రేపో అంటుండ్రు. వాళ్ల తాత నిజాం ఫౌజుల సవారని చెప్తే ఊరంత నవ్వుడే. గిది అసలుదేనని నీ నోట చెప్పిచ్చుకొని రమ్మన్నడు."

వాహెద్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "గీ మెరుగేంది?"

"ఏటా దసరాకు చింతపండు, ఇటుకపొడి వెట్టి తోముతం. పోయినేడు అల్లుడు నికెల్ పూత ఏపిచ్చిండు."

"సైకిల్ హ్యాండిల్ లెక్కనే ఉంది. గిట్ల మెరిసేటియన్ని నకిలీయే చెల్లె. గడ్డి కోసుకో దీంతోని."

"జర పిడి ఇప్పి సూడు అన్నా."

"దీనికి బొగ్గులు దండుగ."

ఆమె తల్వార్‌ను అతని ముందు పెట్టింది. "అయితే నువ్వే ఉంచుకో. గిది ఆయిన ముంగటికి తీస్కపోలేను" అని చీర మడత పెట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం వాహెద్ కన్ను లస్మవ్వ వదిలిన తల్వార్ పిడి మీద పడింది. హైదరాబాద్ దుకాణదారు బాగుచేయమని పంపిన, పిడి లేని మొండి కత్తికి సరిపోయేలా ఉంది. చావుబతుకుల్లో ఉన్నవాడి సొత్తన్న సిగ్గయినా లేదు పెద్దమనిషికి. బొగ్గుల మీద పెట్టాడు. నల్లటి లక్క బొట్లుబొట్లుగా కారింది. పిడి ఊడింది. చింతపండూ అల్లుడి నికెలూ ఎన్నడూ తాకని ఇనుప తోక. దాని మీద ఉర్దూలో నిజాం ఫౌజు ముద్ర, కింద సవారు నంబరు.

దసరాకు ఊరూరా ఆయుధాలు తోమడం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నవాడు. ఆ పైమెరుగు చూసి తీర్పు చెప్పాడు, గాడిద. తన మీద తనకే అసహ్యం వేసింది.

తల్వార్‌ను గోనెలో చుట్టి ఆటో ఎక్కాడు. వార్డులో లస్మవ్వ నేల మీద కూర్చుని ఉంది. మంచం ఖాళీ.

"అసలుదే చెల్లె. ఫౌజుదే. నేనే చెప్త, ఏడున్నడు?"

"పొద్దుగూకక ముందే పాణం పోయింది."

"నువ్వేం చెప్పినవ్?"

"నువ్వు చెప్పిందే చెప్పిన. తల్వార్‌తోని ఫోటో దిగుతనని తలకు రుమాలు చుట్టుకొని కూసున్నడు. ఇన్నంక, గట్లనా అన్నడు. రుమాలు తీసి పక్కకు వెట్టి గోడదిక్కు తిరిగిండు."

ఆమె గోనె వైపు చూడలేదు. శవం ఇస్తున్నారని ఎవరో పిలిస్తే సంచి అందుకుని వెళ్లింది.

మంచం పక్క బల్ల మీద ఎర్ర తలరుమాలు ఉంది. చుట్టిన చుట్టు చెదరలేదు, మధ్యలో తల పట్టేంత గుండ్రం అలాగే ఉంది.